ఆ గొంతుకి ఊపిరుంది

"చచ్చిపోయినాయన రక్తం నా చేతులకెలా అంటిందో చెప్తాను. కానీ మీరు నమ్మరు," అంది చిట్టి.

ఇనపమ్మ కుర్చీని మంచానికి ఇంకాస్త దగ్గరగా లాక్కుంది. "నమ్మడం తర్వాత సంగతి. ముందు విననీ."

ఆ గదికి కిటికీ ఉంది గానీ తెరుచుకోదు. తలుపుకి గడియ బయటవైపే ఉంది. మంచం మీద మోకాళ్ళని గుండెలకి హత్తుకుని ముడుచుకు కూర్చున్న ఇరవయ్యేళ్ళ పిల్లని చూసి భయపడడానికి ఏమీ లేదు. అయినా నర్సు లోపలికి రావాలంటే ఇంకో మనిషిని తోడు తెచ్చుకుంటోంది. నిన్న మధ్యాహ్నం వరకూ చిట్టి ఆ ఆస్పత్రిలో రోగి. ఆ తర్వాత నించి హంతకురాలు.

మంచానికి రెండో పక్కన మేనత్త కూర్చుని ఉంది. అమ్మానాన్నా పోయిన పిల్లని బట్టలు కుట్టి పెంచుకున్న మనిషి. పొద్దున్న ఇనపమ్మ ఆఫీసు తలుపు తెరవకముందే వచ్చి మెట్ల మీద కూర్చుంది. "దానికి పిచ్చంటున్నారమ్మా పోలీసులు. జబ్బు లేదని నేననను. కానీ అది చీమ మీద కూడా కాలు వెయ్యదు," అంది. జబ్బు లేదని బుకాయించకుండా ఉన్న మాట చెప్పినందుకే ఇనపమ్మ కేసు ఒప్పుకుంది.

ఇనపమ్మ అసలు పేరు వేరు. పోలీసు శాఖలో పనిచేసే రోజుల్లో ఎవరో తగిలించిన పేరది. ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ పని మొదలెట్టినా పేరు మాత్రం ఆమెని వదల్లేదు. పేరుకి ఇనుమే గానీ, ఈ గదిలోకి వచ్చినప్పటి నించీ ఆమె అరికాళ్ళు చల్లబడుతూనే ఉన్నాయి.

ఏడాదిన్నర కిందట చిట్టికి లేని గొంతులు వినిపించడం మొదలైంది. సైకోసిస్ అన్నారు డాక్టర్లు. ఆ జబ్బు కొత్తగా బయటపడిన పిల్లల మీద ఈ ఆస్పత్రిలో ఒక పరిశోధన నడుస్తోంది. చేరిన రోజున ఒకసారి, తర్వాత ఆరు నెలలకోసారి ఎమ్మారై తీసి, కాలం గడిచేకొద్దీ మెదడులో ఏం మారుతోందో చూస్తారు. దాన్ని నడిపిస్తున్న ప్రొఫెసర్ తయారుచేసిన కొత్త మందు ఆ మార్పుని ఆపుతోందా లేదా అన్నది తేల్చాలి. నిన్న చిట్టికి నాలుగో స్కాన్. అది నడుస్తుండగా మిషన్ గదిలోకి ఎవరో ఆక్సిజన్ సిలిండర్ని తోశారు. ఎమ్మారై మిషనంటే ఏనుగంత అయస్కాంతం. ఇనప సిలిండర్ని గుమ్మంలోంచే లాగేసుకుంది. దారిలో ఉన్న, ఆ మిషన్ నడిపే టెక్నీషియన్ తల పగిలి అక్కడికక్కడే ప్రాణం పోయింది. జనం పరిగెత్తుకొచ్చేసరికి చిట్టి మిషన్లోంచి బయటపడి, శవం తలని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"మిషన్ మోత ఆగింది," చెప్పడం మొదలెట్టింది చిట్టి. "ఆయన లోపలికొచ్చారు. నా కాలు తట్టి, 'ఏమ్మా, బెల్లు నొక్కావట, ఏమైంది?' అన్నారు. నా చేతికిచ్చిన బెల్లు నేను నొక్కలేదన్నాను."

"ఆగాగు. నొక్కావు అన్నాడా, నొక్కావట అన్నాడా?"

చిట్టి కళ్ళు మూసుకుని ఆలోచించింది. "నొక్కావట."

ఇనపమ్మ ఆ ఒక్క 'ట' దగ్గర ఆగిపోయింది. బెల్లు తన చెవులతో విన్నవాడు నొక్కావు అంటాడు. పక్కన ఇంకెవరో చెబితేనే నొక్కావట అంటాడు.

"తర్వాత?"

"నా చెవుల్లో పెట్టిన ఫోన్లలో ఒక గొంతొచ్చింది. 'కళ్ళు తెరవకండి. కదలకండి. ఇంకా అయిపోలేదు' అని. వెంటనే మిషన్ మోత మళ్ళీ మొదలైంది. ఆయన ఇంకా లోపలే ఉన్నారు. 'ఎవరది? ఆపండి!' అని అరిచారు. ఆ తర్వాత..." చిట్టి రెండు చెవులూ మూసుకుంది. "గది గదంతా అదిరిపోయింది. ఆయన మాట మళ్ళీ వినిపించలేదు. ఎలా బయటికి పాక్కుంటూ వచ్చానో నాకే తెలీదు. తల పట్టుకుంటే రక్తం ఆగుతుందేమో అనుకున్నాను."

మేనత్త పైకే ఏడ్చేసింది. కానీ అడగాల్సిన ప్రశ్న అడక్క తప్పదు.

"చూడమ్మా, తప్పుగా అనుకోకు. నీకు గొంతులు వినిపిస్తాయి. ఇది కూడా వాటిలో ఒకటి కాదని ఎలా చెప్పగలవు?"

చిట్టి మొట్టమొదటిసారి తలెత్తి సూటిగా చూసింది. "నా గొంతులు నాతో మాట్లాడవు ఆంటీ. నా గురించి వాటిలో అవి మాట్లాడుకుంటాయి. 'చూడు లేచింది, చూడు తింటోంది, సిగ్గు లేదు దీనికి' అని. ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా నన్ను 'అండి' అనలేదు. నిన్నటిది అండి అంది. ఇంకొకటి..."

"చెప్పు."

"నా గొంతులకి ఊపిరుండదు. ఎంతసేపైనా ఆగకుండా అంటూనే ఉంటాయి. నిన్నటి గొంతు మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంది. అది మనిషి."

ఇనపమ్మ ముందుకి వంగింది. "ఎవరిదో గుర్తుపట్టగలవా?"

"తెలిసిన గొంతే. కానీ డబ్బాలోంచి వచ్చినట్టుంది. పట్టు దొరకడం లేదు."

"ఈ మాటలు పోలీసులకి చెప్పావా?"

"చెప్పబోయాను. గొంతు అనగానే రాసుకోవడం ఆపేశారు."

ఇనపమ్మ లేచి మేనత్త భుజం మీద చెయ్యి వేసింది. "నేను కింద మిషన్ గదికి వెళ్తున్నాను. మీరిక్కడే ఉండండి. పిల్లని ఒంటరిగా వదలకండి."

* * *

"జాగ్రత్తర్రా, ఇనుమొస్తోంది! గోడలు పట్టుకోండి, అయస్కాంతం లాగేస్తుంది!"

మిషన్ గది గుమ్మంలో నిలబడి ఆ మాటన్నది సీఐ. ఒకప్పుడు ఇనపమ్మ కింద ఎస్సైగా చేసినవాడు. ఆమె చేతిలో తిన్న చీవాట్లన్నీ ఇప్పుడు వడ్డీతో సహా తీర్చుకుంటున్నాడు. అతని జోకుకి ఇద్దరు కానిస్టేబుళ్ళు నవ్వారు.

"అయస్కాంతం బలం నిన్ననే దించేశారుగా. లేకపోతే ముందు నీ లాఠీ పొన్ను పోయేది, తర్వాత నువ్వు," అంది ఇనపమ్మ చెప్పులు విప్పుతూ.

నవ్వు ఆగింది.

లోపల ఇంకో ఇద్దరున్నారు. పరిశోధనకి పెద్ద అయిన ప్రొఫెసర్ సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ నలగని మనిషి. స్కాన్ బొమ్మలు చదివే జూనియర్ డాక్టరమ్మ నిన్నటి నించీ ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతో గోడకి ఆనుకుని ఉంది.

"కూర్చోండి. మీకు ఏం కావాలన్నా అడగండి," అన్నాడు ప్రొఫెసర్ మెత్తగా. నేల తుడుస్తున్న ఆయాతో, "మీరు కాసేపు బయట ఉంటారా అమ్మా," అన్నాడు. అంత మర్యాద.

నేల తుడిచినా మిషన్ నోటి దగ్గర తెల్లటి చట్రం చీలిపోయి, పగిలిన గుడ్డు పెంకులా వేలాడుతోంది. సిలిండర్ తగిలిన చోటది. మిషన్ నోట్లో బల్ల. బల్ల తలవైపున తలని బిగించే ప్లాస్టిక్ పంజరం. ఎదురు గోడకి పెద్ద గాజు కిటికీ. దాని అవతల మిషన్ని నడిపే గది. గుమ్మం బయట, నాలుగడుగుల్లో, సిలిండర్లు నిలబెట్టే చోటు.

సీఐ వేళ్ళు మడుస్తూ తన లెక్క చెప్పాడు. "పిల్లకి గొంతులు ఆర్డరేశాయి. మిషన్లోంచి లేచింది. బయటికెళ్ళి సిలిండర్ తోసుకొచ్చింది. మనిషి పోయాడు. చేతుల నిండా రక్తం. ఇందులో మీరు తవ్వడానికి ఏముంది మేడమ్?"

"సిలిండర్ మీద వేలిముద్రలు?"

"అందరివీ ఉన్నాయి. ఆస్పత్రి సిలిండర్ కదా."

"అందరివీ అంటే ఆ పిల్లవి కూడానా?"

సీఐ గొంతు సవరించుకున్నాడు. "తుడిచేసి ఉంటుంది."

"రక్తం చేతులు తుడుచుకోనిది, వేలిముద్రలు మాత్రం తుడిచిందా? సరే. దబ్బుమన్నప్పుడు ఎవరెవరు ఎక్కడున్నారు?"

"నేను బొమ్మలు చదివే గదిలో ఉన్నాను మేడమ్," అంది డాక్టరమ్మ. "మిషన్ మోత వినిపిస్తూనే ఉంది. మధ్యలోనే దబ్బుమంది. పరిగెత్తుకొచ్చాను. నా వెనకే సార్ వచ్చారు."

"నేను నా గదిలో చదువుకుంటున్నాను," అన్నాడు ప్రొఫెసర్. "పాపం, ఒంటరిగానే. సాక్ష్యం చెప్పడానికి పుస్తకాలు తప్ప ఎవరూ లేరు."

"ప్రొఫెసర్ గారిని కూడా అడుగుతారా?" సీఐ గుడ్లురిమాడు. "కాస్త పెద్దంతరం చిన్నంతరం ఉండాలి మేడమ్."

ఇనపమ్మ అతన్ని పట్టించుకోకుండా బల్ల ఎక్కింది. "నన్ను లోపలికి తొయ్యండి. ఆ పిల్లకి పెట్టినట్టే పంజరం, ఫోన్లు అన్నీ పెట్టండి. తర్వాత మీరు ముగ్గురూ అవతలికి వెళ్ళి, ఒకరి తర్వాత ఒకరు మైకులో ఏదో ఒకటి మాట్లాడండి. ఎవరు ముందో నాకు చెప్పొద్దు. గొంతులు ఎలా వినిపిస్తాయో చూస్తాను."

చెప్పినంత తేలిగ్గా లేదు పడుకోవడం. పంజరం ముఖం మీదికి దిగి టక్కున బిగిసింది. బల్ల వెనక్కి జరిగింది. ముక్కుకి బెత్తెడు దూరంలో కప్పు. భుజాలు రెండు పక్కలా ఒరుసుకుంటున్నాయి. చచ్చాక పెట్టాల్సిన చోట బతికుండగా పెట్టారనిపించింది. కళ్ళ పైన ఏటవాలుగా చిన్న అద్దం ఉంది. అందులో తన కాళ్ళ అవతలి గాజు కిటికీ కనిపిస్తోంది. మైకు ముందు ఎవరు కూర్చున్నా లోపలున్న మనిషికి తెలిసిపోతుంది, కళ్ళు తెరిచి ఉంటే.

గుండె దడ తగ్గడానికి ఆమె కళ్ళు మూసుకుంది.

"వినిపిస్తోందా మేడమ్?" రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఒక మాట. డాక్టరమ్మ అయ్యుండాలి.

"అక్కడే ఉండిపొండి, ఊరికి శాంతి." ఇది సీఐ. మాట తీరు తెలిసింది గానీ గొంతు అతనిదిలా లేదు.

చెవుల్లో ఎవరో ఊపిరి తీసుకున్నారు.

"కళ్ళు తెరవకండి. కదలకండి. ఇంకా అయిపోలేదు."

చిట్టి చెప్పిన ఆ మాటలు ఇనపమ్మ ఎవరికీ చెప్పలేదు. పోలీసులు రాసుకోలేదు. కళ్ళు తెరిచి అద్దంలోకి చూసింది. గాజు మీద దీపం వెలుగు పడి, దాని వెనక మూడు తలలు నల్లగా, ఒకదానిలాగే ఒకటి కనిపించాయి.

చేతులు పైకి లాక్కుని పంజరం గొళ్ళేలు వెతుక్కుంది. ఒకటి ఊడింది, రెండోది ఊడలేదు. గోరు విరిగింది. ఎలాగో తల వంచి, పీకేసుకుని, పాక్కుంటూ బయటికొచ్చి పడింది.

సీఐ పరిగెత్తుకొచ్చాడు, సాయానికి కాదు. "చూశారా, చూశారా! మీ అంతట మీరే బయటికొచ్చారు! ఆ పిల్ల కూడా ఇలాగే వచ్చింది. నా కేసు మీరే రుజువు చేసిపెట్టారు మేడమ్, చాలా థాంక్స్!"

"చివర్న మాట్లాడింది ఎవరు?" రొప్పుతూ అడిగింది ఇనపమ్మ.

"నేనే," అన్నాడు ప్రొఫెసర్. "భయపెట్టానా? క్షమించండి. లోపలున్న వాళ్ళందరికీ మేం చెప్పే మాటలే అవి."

డాక్టరమ్మ నోరు తెరవబోయి, ప్రొఫెసర్ చూపు తగిలి మూసేసుకుంది.

* * *

మిషన్ నడిపే గదిలోకి వచ్చిన ఇనపమ్మ మైకు ముందున్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"డాక్టరమ్మా, మనిషి లోపలికి వెళ్ళేటప్పుడు మిషన్ నడుస్తుండగా వెళ్తారా?"

"వెళ్ళం మేడమ్. ఆపే వెళ్తాం."

"మరి దబ్బుమన్నప్పుడు మోత వినిపిస్తూనే ఉందన్నావు. టెక్నీషియన్ మిషన్ గదిలో శవమై ఉన్నాడు. ఇక్కడ బటన్ నొక్కింది ఎవరు?"

సీఐ మొహంలో చిరునవ్వు సగం దాకా వచ్చి ఆగింది.

"ఆ పిల్లే," అన్నాడు. "ఇక్కడికొచ్చి నొక్కి, తర్వాత సిలిండర్ తోసింది."

"అయితే ఆ మోతలో మిషన్ తీసిన బొమ్మల్లో ఏముండాలి? ఖాళీ పంజరం. చూద్దాం."

డాక్టరమ్మ వేళ్ళు గబగబా కదిలాయి. తెర మీద నిన్నటి చివరి స్కాన్ వచ్చింది. రెండు సెకన్లకో బొమ్మ. మొదటి బొమ్మలో మెదడుంది. రెండోదాంట్లో ఉంది. అలా పదిహేను బొమ్మల్లో మెదడు కదలకుండా ఉంది. పదహారోది నీళ్ళలో నీడలా వంకర తిరిగింది. ఆ తర్వాత అంతా బూడిద.

"సిలిండర్ గుమ్మం దాటిన క్షణమిది," అంది డాక్టరమ్మ. "అప్పుడు చిట్టి లోపలే ఉంది. తల కూడా తిప్పలేదు."

"అది చిట్టి మెదడేనని ఏంటి నమ్మకం?" సీఐ పట్టు వదల్లేదు. "పైన పేరు టైపు చేస్తే ఎవరి బొమ్మైనా ఎవరిదైనా అవుతుంది."

జీవితంలో మొదటిసారి అతను పనికొచ్చే మాటన్నాడు అనుకుంది ఇనపమ్మ. "నిజమే. గుర్తుపట్టే దారుందా డాక్టరమ్మా?"

"ఉంది. మెదడు మీది మడతలు వేలిముద్రల్లాంటివి. జబ్బు వల్ల పై పొర కాస్త పల్చబడొచ్చు. మేం కొలిచేది అదే. కానీ మడతలు తిరిగిన తీరు పెద్దయ్యాక మారదు. ఈ బొమ్మలు మసకగా ఉంటాయి గానీ, నిన్న మొదట్లో మడతలు తెలిసేలా తీసినది ఇంకొకటుంది. ఈ రెండిట్లోనూ తల ఒకటే అని చూడొచ్చు. దాన్ని పాతవాటితో పోల్చొచ్చు."

"అయితే ముందు తీసిన మూడూ పక్కపక్కన పెట్టు."

ప్రొఫెసర్ చేతి గడియారం చూసుకున్నాడు. "మీరు చూస్తూ ఉండండి. నాకు క్లాసుంది. మళ్ళీ కలుస్తాను." తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్ళాడు.

తెర మీద నాలుగు మెదళ్ళు వరసగా నిలిచాయి. డాక్టరమ్మ పెన్ను మొనతో చూపిస్తూ పోయింది. "మొదటిది చూడండి, ఈ మడత ఇక్కడ రెండుగా చీలింది. రెండోదాంట్లోనూ అంతే. నిన్నటిదాంట్లోనూ అంతే. ఇది చిట్టే మేడమ్! చిట్టి ఏ పాపం చెయ్యలేదు!"

"మూడోది?"

పెన్ను మూడో బొమ్మ దగ్గర ఆగిపోయింది. ఆ చీలిక లేదు. ఏ మడతా మిగతావాటితో కలవడం లేదు. కణత లోపలివైపు మాత్రం శనగగింజంత నల్లటి చుక్క ఒకటుంది. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏమైంది?"

"ఆ నీటిబుడగ... అది నాకు తెలుసు. పుట్టుకతో వచ్చింది, ఏ హానీ చెయ్యదు. పోలిక చూసుకోవడానికి జబ్బు లేని వాళ్ళని కూడా స్కాన్ చేస్తాం మేడమ్. వాళ్ళలో ఒకడుగా ఆయన కూడా పడుకున్నాడు. 'నా బుర్రలో మీ అందరికంటే ఒక గది ఎక్కువ, కావాలంటే అద్దెకిస్తాను' అని నవ్వించేవాడు."

"ఆయనంటే?"

"టెక్నీషియన్. చచ్చిపోయినాయన. చిట్టి పేరు కింద ఉన్నది ఆయన మెదడు."

ఇనపమ్మకి ఒక్కసారిగా అంతా కళ్ళకి కట్టింది. నిన్న నాలుగో స్కాన్ మొదలెట్టే ముందు ఆ మనిషి పాత బొమ్మ తెరిచి చూసుకుని ఉంటాడు. అందులో తన తలే తనకి కనిపించి ఉంటుంది. ఆ వింత ఎవరికో చెప్పి ఉంటాడు. చెప్పకూడని మనిషికి చెప్పాడు. ఆ మనిషే, పిల్ల బెల్లు నొక్కిందని చెప్పి, అతన్ని మిషన్ గదిలోకి పంపాడు.

"చిట్టి బొమ్మ తీసేసి ఆరోగ్యంగా ఉన్నవాడి బొమ్మ పెడితే ఎవరికి లాభం?"

"మందు పనిచేసినట్టు కనిపిస్తుంది," అంది డాక్టరమ్మ పాలిపోయిన పెదాలతో. "పై పొర పల్చబడడం ఆగిపోయిందని సార్ చెబుతున్నది ఈ మూడో స్కాన్ల బలం మీదే. ఇంకొక్క మాట మేడమ్. ఇందాకే చెప్పాల్సింది, భయపడ్డాను. లోపలున్న వాళ్ళకి కళ్ళు తెరవకండి అని మేం ఎప్పుడూ చెప్పం. మూసుకుంటే నిద్రపోతారు. కళ్ళు తెరిచి అద్దంలోకి చూస్తూ ఉండమనే చెప్తాం."

సీఐ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "ప్రొఫెసర్ గారికి ఇప్పుడు క్లాసుందా?" అని అడిగాడు, ఎవరినీ చూడకుండా.

"ఇవాళ సెలవు సార్. సంతాపానికి క్లాసులన్నీ ఆపేశారు."

సీఐ అప్పటికే తలుపు దాటి మెట్ల వైపు పరిగెడుతున్నాడు. అతని వెనకే పరిగెడుతూ ఇనపమ్మ మేనత్తకి ఫోన్ కలిపింది. మోగింది. ఇంకోసారి మోగింది. ఎత్తింది.

"అమ్మా, చిట్టిని ఎవరితోనూ పంపకండి! నేను వస్తున్నాను, అంతవరకూ..."

"మీరే పంపారటగా తల్లీ!" మేనత్త గొంతు తేలిగ్గా, నిన్నటి నించీ మోస్తున్న బరువు దించినట్టు ఉంది. "పెద్ద డాక్టరుగారు స్వయంగా వచ్చారు. కేసు తేలిపోయింది, మీ అమ్మాయి నిర్దోషి, ఒక్క ఇంజెక్షన్ చేసి ఇంటికి పంపేస్తానన్నారు. ఎంత మర్యాదస్తుడమ్మా! ఇప్పుడే తీసుకెళ్ళారు."

"ఎక్కడికి?"

"అది చెప్పలేదే." అంతలోనే ఆ గొంతు మారిపోయింది. "ఆయన మాట వినగానే అది నా చెయ్యి గట్టిగా పట్టేసుకుందమ్మా. ఇదే గొంతు అత్తా, ఇదే, నన్ను పంపకు అని ఒకటే ఏడుపు. జబ్బు ముదిరిందనుకున్నాను. బుజ్జగించి, ఒక్కొక్క వేలూ విడదీసి... నేనే ఆయన చేతిలో పెట్టాను."